మోకు కింద మనిషి

చెట్టు పూత మీద ఉండగానే కాయకు ధర కట్టడం నా వృత్తి. దామలచెరువులో మామిడికాయల మండీ నాది. పేరు వరదయ్య. తోట గట్టు మీద నిలబడి ఒకసారి తల తిప్పి చూస్తే ఏ చెట్టు ఎంత దిగుబడి ఇస్తుందో, ఏ కొమ్మ కాయ గాలికి రాలిపోతుందో, ఏ రైతు అవసరంలో ఉన్నాడో తెలిసిపోతుంది. చూపు కుదిరితే ఆ ఏడు లాభం, తప్పితే నష్టం. మా నాయన నాకు చెప్పించిన చదువు అంతే. మనుషులను కూడా నేను ఆ కంటితోనే చూస్తాను. చాలాసార్లు సరిగ్గానే చూస్తాను.

పెంచలయ్య విషయంలో మాత్రం నా అంచనా కుదరలేదు.

పెంచలయ్యది పాకాల పక్కన ఒక పల్లె. మాన్లు ఎక్కడం పని. మొదలు నరికి మాను పడగొట్టడం ఎవరైనా చేస్తారు. ఇంటి మీదికి వాలిన కొమ్మను ఒక్క పెంకు పగలకుండా దించాలన్నా, కరెంటు తీగల్లో దూరిన కొమ్మలను తీగ తెగకుండా విడదీయాలన్నా పెంచలయ్యే రావాలి. మామిడి చెట్లకు బదనిక పడుతుంది. అది చెట్టు కొమ్మలోకి వేరు దించి, దాని రసం తాగి బతికే మొక్క. పైపైన కోస్తే మళ్లీ వస్తుంది. పెంచలయ్య దాన్ని వేరుతో సహా తొలిచి తీసి, ఆ గాయానికి మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూసేవాడు. మండీలో వాళ్లు ఎగతాళిగా "చెట్ల డాక్టరు" అనేవాళ్లు.

"డాక్టరు కాడ కత్తి ఉండాది, నాకాడ రంపం ఉండాది. కోసినాక కుట్లేసేది ఒకటే నాకు రాదు" అనేవాడు అతను.

అతను పైన ఉంటే, కింద మోకు పట్టేది అతని భార్య తిరుమలమ్మ. మోకు అంటే బొటనవేలికంటే లావుగా పేనిన నార తాడు. పెంచలయ్య కోయబోయే కొమ్మకు దాని ఒక కొస కట్టి, పైన గట్టి పంగలోంచి వేసి, రెండో కొసను కిందికి వదులుతాడు. తిరుమలమ్మ ఆ కొసను మాను మొదలుకు చుట్లు చుట్టి పట్టుకుంటుంది. రంపం ఆగగానే కొమ్మ తెగి మోకుకు వేలాడుతుంది. అది ఎటు ఊగుతోందో చూసుకుంటూ, చుట్లు జారవిడుస్తూ, నిద్రపోయిన బిడ్డను చంక దించినట్టు నేలకు దించాలి. ముందే వదిలితే కింద ఇల్లు దెబ్బతింటుంది. వదలడం ఆలస్యమైతే కొమ్మ ఊగి వచ్చి పైనున్న మనిషికి తగులుతుంది. ఆకుల గలగలలో అరుపులు వినపడవు. అందుకని వాళ్ల మాటలన్నీ మోకుతోనే. పైనుంచి ఒకసారి లాగితే "పట్టు" అని, రెండుసార్లు లాగితే "వదులు" అని.

ఇంకొక పద్ధతి కూడా ఉండేది. ఎక్కేముందు పెంచలయ్య చెప్పులు విడుస్తాడు. తిరుమలమ్మ వాటిని తీసుకుని, మాను మొదలుకు కాస్త దూరంగా, మొనలు దారివైపుకు తిప్పి జతగా పెడుతుంది. దిగగానే కాళ్లు అందులో దూరి ఇంటిదారి పట్టాలని. వాళ్లత్త అట్లా పెట్టేదట. ఈ పని అయ్యేదాకా తిరుమలమ్మ మొగుణ్ణి మాను మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

ఈ పెంచలయ్య కొంతకాలంగా నత్తనడక పట్టాడు. ఒక పూటలో తేలవలసిన చెట్టుకు రోజంతా తీసుకుంటున్నాడు. ఇదివరకు నిలువెత్తు కొమ్మలు దించేవాడు, ఇప్పుడు చేతి పొడవు ముక్కలుగా కోస్తున్నాడు. పోనీ కూలి పెంచుకోవడానికా అంటే, మాట్లాడుకున్నది చెట్టు లెక్కన. ఆలస్యమైతే నష్టం అతనికే. తెలిసి తెలిసి నష్టానికి పని చేసే మనిషి నా లెక్కకు అందలేదు.

ఒకరోజు ఉండబట్టలేక చెట్టు కింద నిలబడి అరిచాను.

"ఏం పెంచలయ్యా, కొమ్మలు తీస్తా ఉండావా, పొయ్యిలోకి కట్టెలు కొడతా ఉండావా?"

తిరుమలమ్మ అందుకుంది. "పెద్ద కొమ్మయితే నువ్వొచ్చి మోస్తావా అన్నా? నీ బొజ్జ అడ్డం రాదూ?"

మా హమాలీ కుప్పయ్య తలమీది బుట్ట దించి మరీ నవ్వాడు.

రెండువేల రెండో సంవత్సరం అనుకుంటాను, మే నెల మొదట్లో పెద్ద గాలి కొట్టింది. మా మండీ పక్కన చింతమాను ఉంది. రేకుల కప్పు కింద కాయ ఉడికిపోకుండా కాపాడేది దాని నీడే. ఆ గాలికి దాని పెద్దకొమ్మ పంగ దగ్గర చీలి, రేకుల మీదికి వంగి నిలబడింది. సరిగ్గా దాని కిందే మేం కాయలు తూచేది. ఇంకో వారంలో సీజను. లారీలొస్తాయి, జనం దిగుతారు.

చిత్తూరు నుంచి మిషను రంపం వాళ్లను పిలిపించాను. వాళ్లు చుట్టూ తిరిగి చూసి, "కొమ్మతో ఈ పాట్లెందుకన్నా, మాను మొదలుకే కోసేస్తాం" అన్నారు. నీడ పోయిన మండీ నాకెందుకు? వాళ్లను పంపేసి పెంచలయ్యకు కబురు పెట్టాను.

ఇద్దరూ వచ్చారు. పెంచలయ్య నిచ్చెన వేసుకుని కొమ్మను కత్తి వెనకతట్టుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. దిగి వచ్చి చెప్పాడు.

"లోపల డొల్లయిపోయిందన్నా. ముక్కలు ముక్కలుగా కొయ్యాలంటే దానిమీద కాలు పెట్టాల. కాలు పెడితే ఇరుగుతాది. పంగకాడ ఒకటే కోత కోసి, ఒకటే తునకగా దించాల."

"దించు మరి."

అతను భార్య వైపు చూశాడు. ఆమె మోకు చిక్కు విప్పుతోంది. "సూద్దాంలేన్నా. ఒక వారం పోనీ" అన్నాడు.

"వారం పోతే దానికింద సంత జరుగుతాది. నీకు మనుషులు చాలకుంటే మా కుప్పయ్యోళ్లను పెట్టుకో. నలుగురు పట్టుకుంటే ఏనుగునైనా దించచ్చు."

తిరుమలమ్మ లేచి నిలబడింది. "ఎవురు పట్టేది? నా మోకా? కుప్పయ్యకు కాయల బుట్టే నిలకడగా పట్టేదానికి రాదు. నా మొగుడు పైనుంటే ఇంగొకరు మోకు ముట్టుకోని సూడమను, సెయ్యి ఇరుస్తా."

"నేను ముట్టనమ్మా తల్లీ" అని కుప్పయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఈ పొద్దే దించుతాం. ఊ, ఎక్కబ్బా" అంది మొగుడితో.

పెంచలయ్య ఇష్టం లేకుండానే చెప్పులు విడిచాడు. ఆమె వంగింది. ముందు ఆమె చెయ్యి మట్టిని తడిమింది, తరువాత చెప్పులు దొరికాయి. మొనలు దారివైపుకు సరిగ్గానే తిప్పి పెట్టింది. కానీ ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు పెట్టింది. నేను నోరు తెరవబోయాను. పెంచలయ్య నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ పొద్దు గాలి బాగలేదు మే. రేపు సూద్దాం" అన్నాడు ఆమెతో.

ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

పెంచలయ్యను టీ అంగడి దగ్గరికి తీసుకుపోయి అడిగాను. గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని చెప్పాడు.

"ఆయమ్మకు కండ్లలో పొర వచ్చిందన్నా. మొదటిసారి సెప్పులు మార్చి పెట్టినప్పుడు నవ్వులాటకేమో అనుకున్నా. దిగినాక సూస్తే ఆయమ్మ మొగంలో నవ్వు లేదు. అప్పుడు తెలిసింది. అప్పట్నించి సిన్న తునకలే కోస్తా ఉండా. సిన్నదయితే యాడ ఊగినా భయం లేదు. బరువు సేతికి తెలిసిపోతాది, కండ్లతో పని లేదు."

"ఆ మాట ఆయమ్మకు చెప్పలేదా?"

"ఏమని సెప్పాల? నీకు కనపడదు, మోకు ఇడిసిపెట్టు అనా? ఇంట్లో కూసోబెడితే మంచం పట్టేస్తాది. పెండ్లయినప్పట్నించి మేం ఇద్దరం మాను కింద సద్ది తిన్నోళ్లం."

"తిరుపతిలో ఆపరేషను చేసి పొర తీసేస్తారు కదప్పా."

"ఆ మాట ఎత్తితే నాకు తెలుసని తెలిసిపోతాది కదన్నా." గ్లాసు కింద పెట్టాడు. "ఈ చింతకొమ్మ ఒకటి వచ్చి పడింది. దీన్ని సిన్నగా కోసేదానికి లేదు."

ఆ సాయంత్రం అతను మండీ వెనక రంపానికి పదును పెట్టుకుంటున్నప్పుడు, గాలికి రాలిన కాయలు ఊరగాయకు కావాలని తిరుమలమ్మ నా దగ్గరికి వచ్చింది. బుట్ట నిండినా కదలలేదు.

"నువ్వు సెప్పులు సూసినావు కదన్నా?"

"నీకెట్ల తెలిసింది?"

"అందరూ ఉన్నట్టుండి గమ్మునయిపోతిరి. ఏది ఏ కాలిదో నా సేతికి తెలుసు. పెట్టేసినాక తెలిసింది మారిపోయిందని. మళ్లా వంగి మారిస్తే ఆయప్ప సూస్తాడని అట్లే ఇడిసిపెట్టినా." కొంగుతో కళ్లు తుడుచుకుంది. అవి తుడిచినా తేటపడే కళ్లు కావు. "ఆయప్పకు సెప్పొద్దన్నా. తెలిస్తే మాను ఎక్కడు. ఎక్కకుంటే ఆయప్ప మనిషి కాడు. లేదంటే మోకుకు ఇంగొకర్ని పెట్టుకుంటాడు. అది ఇంగా భయం. నేనయితే మోకు ఊగేదాన్ని బట్టి ఆయప్ప యాడ నిలబడినాడో సెప్తా. ఇంగొకరికి ఏం తెలుస్తాది?"

"మరి ఆ పెద్దకొమ్మ ఒకటే తునకగా దిగితే? ఎటు ఊగేదీ నీకు కనపడాల కదా?"

"దాన్ని తలుసుకుంటే అన్నం దిగలేదన్నా" అంది.

"అయితే ఎక్కు ఎక్కు అని ఎందుకన్నావు?"

"వద్దంటే ఎందుకు వద్దని అడగడా?"

నాకు విషయం అర్థమైంది. ఇద్దరూ ఒకే సరుకును, ఒకరికి తెలియకుండా ఒకరు, నా దగ్గర దాచారు. నేను నోరు విప్పితే ఇద్దరూ నామీద పెట్టుకున్న నమ్మకం పోతుంది. విప్పకపోతే రేపో ఎల్లుండో ఒకరి దగ్గర ఒకరు దాచుకోవడానికే ఆ పనికి దిగుతారు. ఆ డొల్ల కొమ్మ ఊగి వచ్చి పెంచలయ్యకు తగిలితే, మోకు పట్టుకున్న చేతుల్లోకే ఆ సంగతి ముందు తెలుస్తుంది. వ్యాపారంలో నేను చాలా నష్టాలు చూశాను. ఈ నష్టాన్ని ఏ సీజనూ పూడ్చదు.

మా మండీలో అప్పటికింకా తువ్వాలు బేరం పూర్తిగా పోలేదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకుని, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కనున్న పదిమందికీ లోపల ఏం జరిగిందో తెలియదు. పరువుగల రైతు తక్కువ ధరకు ఒప్పుకున్నా నలుగురిలో తల దించుకోనక్కర్లేదు. బయట పలకలేని మాటలు పలికించడానికి మా పెద్దవాళ్లు పెట్టిన ఏర్పాటు అది.

మరునాడు పొద్దున ఇద్దరూ మోకు వేసుకుని వచ్చారు. వాళ్లను గోనెసంచుల మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇద్దరి చేతులూ పట్టుకుని కలిపి, నా భుజం మీది తువ్వాలు కప్పాను.

"ఏందన్నా ఇది, పొద్దున్నే పిచ్చి పట్టిందా?" అంది తిరుమలమ్మ.

"మాను ఎక్కేముందు బేరం తెగాల. మీ ఇద్దరి కాడా ఒకటే సరుకు ఉండాది. దాన్ని నాకు అమ్మినారు. నాకొద్దు. మీరు మీరే లోపల చెప్పుకోండి."

"మొగుడూ పెండ్లాలకు తువ్వాలు బేరమా! ఎవురు మోసపోతారో సూడాల్సిందే" అని కుప్పయ్య దగ్గరికి వచ్చాడు. అతన్ని టీకి తరిమాను.

భుజం కదలికను బట్టి లోపలి ధర పసిగట్టగలను నేను. ఇక్కడ నాకు ఏమీ అందలేదు. వేళ్ల లెక్క కాదది. పెంచలయ్య చెయ్యి ఒకసారి తనవైపు లాగింది. ఆగింది. పట్టు అని. తిరుమలమ్మ కళ్లు పెద్దవి చేసి అతని ముఖానికి కొంచెం పక్కగా చూస్తోంది. అతను అక్కడ ఉన్నాడనుకుని చూస్తోంది. కాసేపటికి ఆమె వైపు నుంచి తువ్వాలు ఒకసారి కదిలింది.

"ఎప్పట్నించి తెలుసు నీకు?" అని అడిగింది.

"సెప్పులు."

"సిన్న తునకలు అందుకా?"

"ఊ."

"నీకు సేతగాకుండా పోయిందేమో, ముసలోడివైపోతివేమో అని నేను ఏడ్సినా కదబ్బా!"

"నాకు సేతగాదా? అట్లనుకుంటివా మే?"

"పొద్దంతా కోసి మోపెడు పుల్లలు దించితే ఏమనుకోవాల?"

తువ్వాలు కింద చేతులు విడవకుండానే ఇద్దరూ పోట్లాటకు దిగారు. నేను లేచి అవతలికి పోయాను.

ఆ రోజు మాను ఎక్కలేదు. చీలిన కొమ్మకు సరుగుడు గుంజలు పోట్లుగా నిలబెట్టించి, కింద చుట్టూ తాడు కట్టించాను. తూకం అవతలి పక్కకు మార్చాను. అక్కడ నీడ లేదు. హమాలీలు చుట్టు తిరగలేక తిట్టారు, లారీవాళ్లు సణిగారు, గాలి కాస్త లేస్తే నేను కాయల ధర మరిచిపోయి ఆ పోట్ల వైపే చూసేవాణ్ణి. మొత్తానికి ఆ సీజను అట్లాగే గడిచింది.

తిరుపతి ఆసుపత్రిలో తిరుమలమ్మకు ఒక కంటికి పొర తీశారు, కొన్నాళ్లాగి రెండో కంటికి. బరువు ఎత్తకూడదన్నారు. ఆమె నల్లద్దాలు పెట్టుకుని మండీలో కూర్చుని బుట్టల్లో మచ్చల కాయలు ఏరేసేది. పెంచలయ్య నేల మీద నిలబడి, దోటికి కట్టిన కత్తితో అందినంత మేరకు బదనిక తీసేవాడు. ఆమె లేకుండా పైకి మాత్రం ఎక్కలేదు.

జూలై చివర ఆఖరి లారీ పోయాక చింతమాను కిందికి వచ్చారు. పెంచలయ్య చెప్పులు విడిచాడు. తిరుమలమ్మ వాటిని చేతిలోకి తీసుకుని ముఖం దగ్గరికి తెచ్చుకుంది.

"ఇంత అరిగిపోయినాయా? మేకు పైకి వచ్చుండాది కదబ్బా! ఇన్నాళ్లూ దీంతోనే తిరిగినావా?"

"అడిగేటోళ్లు ఉంటే కదా కొనేది" అన్నాడు పెంచలయ్య, నవ్వు దాచుకుంటూ.

ఆమె చెప్పులు పెట్టింది. ఎడమది ఎడమవైపు, కుడిది కుడివైపు. పెట్టాక కూడా ఒకసారి చూసుకుంది. అతను ఎక్కాడు.

చుట్లు వేసి మోకు పట్టుకుని, తిరుమలమ్మ తల పైకెత్తింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆమె ముఖంలో రంగు పోవడం చూశాను.

"అన్నా, ఎప్పుడూ ఇంత ఎత్తుకేనా ఆయప్ప ఎక్కేది?"

"అంతే కదా. కొత్తగా ఏముంది?"

"తల అంతా నెరిసిపోయింది." ఇంకా చూసింది. "కుడికాలు సూడన్నా."

చూశాను. పంగలో ఆనించిన కుడి మోకాలు సన్నగా వణుకుతోంది. తొడిమ చూసి కాయ ఎన్నాళ్లుంటుందో చెప్పేవాణ్ణి, నేను అది ఇన్నాళ్లూ చూడలేదు.

పైనుంచి మోకు ఒకసారి లాగింది. ఆమె కాళ్లు ఊతం పెట్టి నిలబడింది. రంపం చాలాసేపు ఆడింది. కొమ్మ పెళపెళమని తెగి, మోకుకు వేలాడి, పెద్దగా ఒక ఊగు ఊగింది. ఆమె దానిమీంచి కళ్లు తీయలేదు. ఊగు పెంచలయ్య వైపుకు మళ్లేలోపల ఒక చుట్టు వదిలింది, ఆపింది, మళ్లీ వదిలింది. రేకు ఒక్కటి కూడా చప్పుడు చేయలేదు. అంత కొమ్మా వచ్చి నేల మీద కూర్చుంది.

కుప్పయ్య ఈల వేశాడు. నాకు వ్యాపారబుద్ధి మళ్లీ వచ్చింది. ఒక్క ఎక్కడానికి రెండు పనులు అయితే మంచిదే కదా.

"పెంచలయ్యా, ఎట్లాగూ ఎక్కినావు, ఆ కొనన ఎండుకొమ్మ కూడా తీసెయ్!"

పెంచలయ్య తలెత్తి కొన వైపు చూశాడు. నేల మీది కొమ్మ నుంచి తిరుమలమ్మ విప్పిన మోకు కొసను పైకి లాక్కుని నడుముకు చుట్టుకుని, పై కొమ్మ మీద చెయ్యి వేశాడు. అప్పుడు తిరుమలమ్మ మోకు బిగించి, కిందినుంచి రెండుసార్లు లాగింది.

వాళ్ల భాషలో మాట ఎప్పుడూ పైనుంచి కిందికే వచ్చేది. అతను చెయ్యి అట్లాగే ఉంచి కిందికి చూశాడు. ఆమె మళ్లీ రెండుసార్లు లాగింది. వదులు అని. తరువాత పెంచలయ్య కొమ్మ వదిలి, ఒక్కొక్క అడుగే దిగి వచ్చి, చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"ఎండుకొమ్మ అట్లే ఉండాది కదమ్మా" అన్నాను.

"ఉండనీ అన్నా. కాకులు కూసుంటాయి." ఆమె మోకును మోచేతికి చుట్టుకుంటోంది. "ఇంగ ఈ రేకుల ఎత్తు దాటి ఆయప్ప ఎక్కడు. ఎక్కితే నేను మోకు పట్టను."

పెంచలయ్య నావైపు చూశాడు. కోపంగా కాదు. ఇక నన్ను ఎవరు పిలుస్తారన్నా అన్నట్టు చూశాడు. నా గుత్త తోటల్లో కాపు ఉడిగిన ముసలి మామిళ్లు చాలా ఉన్నాయి. గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కావాలి. ఆ చెట్లను ఛాతీ ఎత్తుకు కోసి, కొత్త చిగుళ్లకు అంటు కట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మనిషి కుదరక ఆగాను.

"ఎత్తు లేని చెట్లు ఉండాయి నాకాడ. కోసి, మందు పూసి, అంటు కట్టాల. వానలు పోకముందే మొదలుపెట్టాల" అన్నాను.

"మోకు పని ఉంటాదా దానికి?" అని అడిగింది తిరుమలమ్మ వెంటనే.

"కొమ్మలు దించాల కదా. ఉంటాది."

ఆమె తృప్తిగా తల ఊపి మోకును భుజాన వేసుకుంది. పెంచలయ్య రంపం అందుకుని ఇంటి దారివైపు తిరిగాడు.

"అటు కాదబ్బా. ముందు పాకాలకు పోదాం పా. ఆ సెప్పులు పారేసి వేరేవి కొందాం" అని ఆమె ముందు నడిచింది.

అతను ఆమె వెనక నడిచాడు. కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు. నాలుగడుగులకొకసారి ఆమె వెనక్కి తిరిగి దాన్ని చూస్తూనే ఉంది.